ఈశాన్యం పల్లం

ఈ ఊరి అసలు పేరు రాయను. రాస్తే అక్కడ ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు నన్ను ఉతికి ఆరేస్తారు. మనకి జిల్లాకో కొత్తూరు ఉంది కాబట్టి దీన్నీ కొత్తూరు అనే పిలుస్తాను. అరిజోనాలో, ఫీనిక్స్ విమానాశ్రయం నుంచి దక్షిణంగా కార్లో గంటకు పైగా పోతే వస్తుంది. మార్చిలో నాలుగు రోజులు ఉండి వచ్చాను. మార్చి అక్కడ మంచి కాలం. ఎండ ఒంటికి హాయిగా ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది, ఆకాశంలో మచ్చుకి కూడా మబ్బుండదు. అంత వెలుతురులో కూడా మనిషికి భయం వేస్తుందని అక్కడే తెలిసింది.

వెళ్ళడానికి కారణం వసుంధర. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో మాదొకటే గది. పెళ్ళయ్యాక తను కాలిఫోర్నియాలో డబ్లిన్ చేరింది, నేను మిషిగన్‌లో ట్రాయ్ చేరి పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చున్నాను. ఇప్పుడు వాళ్ళు డబ్లిన్ ఇల్లు అమ్మేసి కొత్తూరులో కొత్త ఇల్లు కొంటున్నారు. వసుంధర భర్త మురళిది వరంగల్. అతనికి అక్కచెల్లెళ్ళు లేరు. గృహప్రవేశంలో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. "నిన్ను అక్కా అంటాడు కదా, నువ్వే ఆడపడుచువి, వచ్చెయ్" అని వసుంధర నాకు టికెట్ బుక్ చేసేసింది. లాంఛనం కింద పట్టుచీర ఉందని కూడా అంది. ఇంక కాదనడానికి నేనేమైనా సన్యాసినా?

ఒక చిక్కుంది. ముహూర్తం శనివారం పడింది. ఇల్లు వాళ్ళ పేరు మీదికి మారే క్లోజింగ్ మంగళవారం. ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు గనుక, బిల్డర్ని బతిమాలి శనివారం పొద్దున రెండు గంటలు తాళం తీయించుకున్నారు. అంటే మేం పాలు పొంగించే నాటికి ఆ ఇల్లు ఇంకా వాళ్ళది కాదు. అమెరికాలో మనవాళ్ళు చాలామంది ఇలాగే చేస్తారు.

మనుషులు కనబడని వీధులు

గురువారం మధ్యాహ్నం వసుంధర, కూతురు అనిక విమానాశ్రయానికి వచ్చారు. ఫీనిక్స్ దాటాక పత్తి చేలు మొదలయ్యాయి. గుంటూరు పిల్లని కదా, పత్తి చేను కనబడగానే ప్రాణం లేచొచ్చింది. కానీ అక్కడ చేను ఉన్నట్టుండి ఆగిపోతుంది. మట్టి రంగు గోడ ఒకటి లేస్తుంది. గోడ వెనక మట్టి రంగు ఇళ్ళు, ఒకే పోత. గోడ అయిపోగానే మళ్ళీ చేను, మళ్ళీ గోడ. ఊరి పేరు రాసిన పలక మీద జనాభా అంకె వేసినచోట పెయింటు మందంగా ఉంది. ఎన్నిసార్లు దిద్దారో!

"పోయిన సమ్మర్‌లో వచ్చినప్పుడు ఈ రోడ్డే లేదే, చుట్టూ తిరిగి పోయాం" అంది వసుంధర. నా ఫోన్లో మ్యాపుకి ఆ రోడ్డు ఇంకా తెలియదు. మా నీలం చుక్క ఖాళీ తెల్ల కాగితం మీద నడుస్తోంది. సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం పడింది. నాలుగు వైపులా ఇంకో కారు లేదు. ఆకుపచ్చ వచ్చేదాకా మేం ముగ్గురం బుద్ధిగా కూర్చున్నాం. ట్రాయ్‌లో మంచు కురిసే రోజున కూడా ఎవరో ఒకరు పార పట్టుకుని బయట కనబడతారు. ఇక్కడ అంత చక్కటి ఎండలో ఒక్క మనిషి లేడు. పేవ్‌మెంటు మీద పిల్లల సైకిల్ ఒకటి పడి ఉంది. అది పడి ఎన్నాళ్ళయిందో తెలియలేదు.

నేను కూర్చున్న ఇల్లు

కాలనీలోకి వచ్చేసరికి వసుంధరకి పంతులుగారి ఫోన్ వచ్చింది. మామిడాకులు దొరకలేదట. "అదిగో, బిల్డర్ వాళ్ళు మనం చూడ్డానికి తలుపు తీసి ఉంచిన ఇల్లు. నువ్వు వెళ్ళి కూర్చో, వస్తాను" అని చెయ్యి చూపించింది. నేను వెళ్ళి కూర్చున్నాను.

ఇల్లు చూస్తే కళ్ళు చెదిరాయి. భోజనాల బల్ల మీద ఆరు కంచాలు, గ్లాసులు, మడిచిన రుమాళ్ళు. గాజు గిన్నె నిండా నిమ్మకాయలు. ఇంకా ఇంట్లో దిగకుండానే ఇంత సర్దేసిందా అనుకున్నాను. ఒక గదిలో చిన్న మంచం, గోడ మీద చెక్క అక్షరాలతో ఎమ్మా అనే పాప పేరు, దిండు మీద కుందేలు బొమ్మ. గోడల మీది ఫోటోల్లో ఎవరో తెల్లవాళ్ళు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. "ఎవరైనా ఉన్నారా అండీ?" అన్నాను. ఎవరూ పలకలేదు. ఒక నిమ్మకాయ చేతిలోకి తీసుకున్నాను. బరువే లేదు. బాత్రూమ్‌లో కమోడ్ మూత టేపుతో అంటించి ఉంది.

వెనక నుంచి అనిక వచ్చింది. "ఆంటీ, మీరు రాంగ్ హౌస్‌లో ఉన్నావు. ఇది మోడల్ హోమ్."

"మరి ఆ పాప ఏదే?"

"ఏ పాపా లేదు ఆంటీ. ఇట్స్ ఫేక్. ఇక్కడ ఎవరూ లివ్ చెయ్యరు."

కొనేవాళ్ళకి చూపించడానికి సర్దిపెట్టిన నమూనా ఇల్లట. నవ్వుకున్నాం గానీ, ఆ పిల్ల గది తలుపు మాత్రం దగ్గరికి వేసి వచ్చాను. ఎందుకు వేశానో అడగకండి.

వసుంధర ఇల్లు ఆ వరస చివర, కాలనీకి ఈశాన్యం మూల. కట్టడం పూర్తయి రెండు ఎండాకాలాలు ఖాళీగా ఉందట. మొదట బుక్ చేసినవాళ్ళు వద్దనుకున్నారట. ఎందుకు వద్దన్నారని అడిగితే, "ఎవరికి తెలుసు, మనకోసమే ఆగింది" అంది. పెరట్లోకి లాక్కెళ్ళింది. నేల ఈశాన్యం మూలకి చక్కగా వాలి ఉంది. "చూశావా? మట్టి పోయించకుండా, తవ్వించకుండా, దానంతటదే ఈశాన్యం పల్లం! కాలనీ మొత్తంలో ఈ ఒక్కదానికే. డబ్లిన్‌లో నైరుతి పల్లం ఇంట్లో ఎంత చూశాం చెప్పు? మురళికి రెండుసార్లు లేఆఫ్, నాకు ఆపరేషన్. మా వాస్తు గ్రూపులో ఫోటో పెడితే అందరూ కళ్ళలో నిప్పులు పోసుకున్నారు."

దాని మొహం చూస్తే హాస్టల్లో ఫస్ట్ క్లాస్ వచ్చిన రోజు గుర్తొచ్చింది. నాకూ సంతోషం వేసింది. మురళి వచ్చి, "ఏందక్కా, ఎట్లుంది మన ప్యాలెస్?" అన్నాడు. బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

పత్తి మిల్లులో మ్యూజియం

శుక్రవారం మేం దిగిన హోటల్ నుంచి వాళ్ళు కొబ్బరికాయలకీ అరటి ఆకులకీ ఇండియన్ స్టోర్‌కి పోతూ నన్ను పాత ఊళ్ళో దింపారు. పాత ఊరంటే రెండు వీధులు, ఒక చర్చి, ఒక పత్తి జిన్నింగ్ మిల్లు. మిల్లు మూతపడి చాలా కాలమైంది. దాన్నే చిన్న మ్యూజియం చేశారు. అక్కడ నాకు ఎలీనా తగిలింది. డెబ్బై దాటిన మనిషి, తెల్ల జడ, చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది. మ్యూజియం పైకప్పు బాగుచెయ్యడానికి టమాలేలు అమ్ముతోంది. మొక్కజొన్న పిండి ముద్దని పొత్తు తొక్కలో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. తొక్క విప్పగానే మన పనసాకుల పొట్టిక్కల్లాగే ఆకు వాసన గుప్పుమంది. లోపల పచ్చిమిరప, చీజు. పంది కొవ్వు కలుపుతారని విన్నాను, అందుకే జంకాను. "భయపడకు, ఈ పళ్ళెంలోవి మా కోడలి కోసం. అది ఆకులు తప్ప ఏమీ తినదు" అంది ఎలీనా. మూడు డాలర్లకొకటి. నాలుగు తిన్నాను.

గోడల మీద ఫోటోలు చూపించింది. ఈ ఊరు పత్తి కోసం పుట్టింది. మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు, ఓక్లహామా నుంచి కరువుకి పారిపోయి వచ్చినవాళ్ళు, అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లవాళ్ళు, అందరూ ఇక్కడ పత్తి ఏరినవాళ్ళే. భుజానికి పొడుగాటి సంచీ, వంగిన నడుములు. మా మేనత్త చేలో కూలీలు అలాగే వంగేవారు. ఇప్పుడు పాత ఊరివాళ్ళు ఆదివారం చర్చి దగ్గర కలుస్తారు, కొత్త ఊరివాళ్ళు పిల్లల బేస్‌బాల్ దగ్గర కలుస్తారు. ఈ రెండు రకాలూ ఒకరినొకరు కిరాణా కొట్టు వరసలో తప్ప చూసుకోరట.

"మరి ఇంత ఎడారిలో పత్తికి నీళ్ళెక్కడివి?" అన్నాను.

ఎలీనా టమాలేల పళ్ళెం మీద గుడ్డ కప్పింది. "తీరికుంటే చూపిస్తాను" అని పికప్ ట్రక్కు తాళాలు తీసింది.

బావి గొట్టం

కాలనీ గోడ పక్కగానే పోయాం. గోడ అవతల బీడు. బీడు మధ్యలో లావుపాటి ఇనుప గొట్టం ఒకటి నిలబడి ఉంది. దాని మెడ చుట్టూ సిమెంటు దిమ్మె. దిమ్మె కింద ఏమీ లేదు, గాలి. నా ఛాతీ ఎత్తున, గొట్టాన్ని కరుచుకుని వేలాడుతోంది. ఇలా గాల్లో సిమెంటు ఎవరు పోస్తారని అడిగాను.

"గాల్లో పొయ్యలేదు. నేల మీదే పోశారు" అంది ఎలీనా. "మా నాన్న ఈ పంపు చూసుకునేవాడు. నేను ఈ దిమ్మె మీద కూర్చుని బఠాణీలు వలిచేదాన్ని. కాళ్ళు మట్టికి ఆనేవి."

"మరి గొట్టం పైకి లేచిందా?"

"గొట్టం లేవలేదు. మనం దిగాం."

నేను కాళ్ళ కింద చూసుకున్నాను. మామూలు మట్టి, ఎండు గడ్డి. భూమి లోపలి నీళ్ళు తోడేకొద్దీ పైనున్న నేల కుంగిపోతుందట. పత్తి కోసం తోడారు, ఇప్పుడు ఇళ్ళ కోసం తోడుతున్నారు. కొన్నిచోట్ల వాన పడ్డాక నేల చీలుతుందట కూడా. గాలి గొట్టం నోటి మీదుగా వీచినప్పుడు లోపలి నుంచి సన్నగా ఊళలాంటిది వచ్చింది. ఒక రాయి వేశాను. చప్పుడు కోసం చెవి ఆనించాను. ఏమీ వినబడలేదు. ఇనుము ఎండకి కాలి ఉంది, చెవి చురుక్కుమంది.

"మరి ఈ ఇళ్ళలో ఉన్నవాళ్ళ సంగతి?" అన్నాను.

"అంతా కలిసి దిగితే ఎవరికీ తెలియదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ దిగితేనే తెలుస్తుంది" అంది. ఆవిడకి నా స్నేహితురాలి ఇల్లు గోడకి అవతలే ఉందని నేను చెప్పలేదు. రేపు శుభకార్యం పెట్టుకుని అలాంటివి తలవకూడదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పాలు పొంగిన వైపు

శనివారం పొద్దున ముహూర్తానికి ఓ పాతికమంది వచ్చారు. అందరూ తెలుగువాళ్ళే. మనుషులు లేని వీధి అనుకున్నదాంట్లో కార్లు బారులు తీరాయి. పొగ అలారాలు మోగకుండా మురళి కుర్చీ ఎక్కి వాటికి స్నానాల టోపీలు తొడిగాడు. బిల్డర్ తరఫున వచ్చిన అమ్మాయి చెప్పులు విప్పి, మేజోళ్ళతో ఓ మూల నిలబడి వీడియో తీస్తోంది. గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టారు. వసుంధర ఎర్రంచు పట్టుచీరలో దేవుడి పటం పట్టుకుని కుడికాలు లోపల పెట్టింది. నాకు కళ్ళు చెమర్చాయి.

వంటగదిలో నేల మీద చిన్న గ్యాస్ స్టవ్ పెట్టి, కొత్త ఇత్తడి గిన్నెలో పాలు పోశాను. గిన్నె సగానికి పైగా నిండింది. అప్పుడు చూశాను. పాలు ఒక వైపు అంచుకి దగ్గరగా ఉన్నాయి, ఇంకో వైపు బాగా కిందికి ఉన్నాయి. స్టవ్ ఒరిగిందేమోనని దాని కింద చెయ్యి పెట్టి చూశాను. నాలుగు కాళ్ళూ నేలకి ఆని ఉన్నాయి. తిప్పి పెట్టాను. పాలు మళ్ళీ అదే మూలకి జరిగాయి.

"ఏమక్కా?" అన్నాడు మురళి.

"ఏం లేదు" అన్నాను.

పంతులుగారి పళ్ళెంలోంచి ఒక నిమ్మకాయ జారి కింద పడింది. పడిన కాయ ఆగాలి కదా. ఆగలేదు. నున్నటి టైల్స్ మీద నెమ్మదిగా, దారి తెలిసినదానిలాగా దొర్లుతూ వంటగది దాటింది, హాలు దాటింది, పెరటి తలుపు దగ్గరి మూలకి పోయి ఆగింది. పిల్లలెవరో తెచ్చి ఇచ్చారు. పంతులుగారు పక్కన పెట్టారు. అది మళ్ళీ బయల్దేరింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఈసారి నలుగురు దాని వెంట నడిచి వెళ్ళారు.

"ఈశాన్యం మూలకే వెళ్ళింది. శుభం!" అన్నారు పంతులుగారు.

పాలు పొంగాయి. అన్ని వైపులా కాదు, ఒక్క ఈశాన్యం అంచు మీదుగానే, చెంబుతో వంచినట్టు. నేల మీద పడ్డ పాలు కూడా తీగలా సాగి ఆ నిమ్మకాయ పోయిన దారినే పోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. వసుంధర నన్ను కౌగిలించుకుంది. "నీ చెయ్యి మంచిదే లలితా" అంది. నేను ఆ తెల్లటి తీగని చూస్తూ నిలబడ్డాను. నా కాళ్ళ కింద ఇల్లు వాలి ఉంది.

చెడు మాట

శుభకార్యంలో చెడు పలకకూడదు. పాలు పొంగించిన ఆడపడుచు అసలే పలకకూడదు. పులిహోర తిన్నాను, బొబ్బట్టు తిన్నాను, బొట్టు పెట్టించుకుని చీర పుచ్చుకున్నాను. చెప్పకపోతే మంగళవారం సంతకాలు అయిపోతాయి. చెబితే ఈ ముఖం మీద ఈ సంతోషం పోతుంది. అందరూ వెళ్ళాక, తాళం ఇచ్చేశాక, కార్లో కూర్చుని చెప్పాను. గొట్టం సంగతి, పాల సంగతి, నిమ్మకాయ సంగతి అన్నీ.

వసుంధర మొహం నల్లబడింది. "పాలు పొంగించిన చేత్తోనే ఇదేం మాటే? నీ నోట్లో నుంచి ఎట్లా వచ్చింది?"

"మనసులో పెట్టుకోలేక వచ్చింది."

"అక్కడ ఇల్లు అమ్మేశాం. పిల్లకి స్కూల్ మార్చాం. సామాను స్టోరేజ్‌లో ఉంది. నీకు అసూయా?"

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. ఏడుపు వచ్చింది, ఏడ్చాను కూడా. మురళి కారు పక్కకి ఆపాడు. "ఆగు వసూ. అక్క పాగల్ కాదు. ఒక్కసారి పోయి చూద్దాం, పోయేదేముంది?" అన్నాడు.

ఆదివారం పొద్దున వాళ్ళని గొట్టం దగ్గరికి తీసుకెళ్ళాను. వసుంధర కారు దిగి నాకంటే ముందు నడిచింది. గొట్టం చూసింది. దిమ్మె మీద చెయ్యి వేసింది. తర్వాత దిమ్మె కిందికి వంగి, దానికీ నేలకీ మధ్య ఉన్న ఖాళీలో చెయ్యి అటూ ఇటూ ఊపింది. అక్కడి నుంచి గోడ మీదుగా తన ఇంటి కప్పు కనబడుతోంది. గోడ పునాది దగ్గర మురళి నిలబడి పిలిచాడు. గోడలో పైనుంచి కింది దాకా సన్నటి బీట ఉంది. పైన వేలు దూరుతుంది.

"ఇది నిన్న ఉందా?" అంది వసుంధర.

ఎవరికీ తెలియదు. నిన్న మేమందరం ఇంటి లోపలే ఉన్నాం.

సోమవారం నా విమానం. విమానాశ్రయంలో దింపుతూ వసుంధర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "క్లోజింగ్ క్యాన్సిల్ చేస్తున్నాం. అడ్వాన్స్ పోతే పోయింది" అంది. కళ్ళు వాచి ఉన్నాయి. క్షమించమని నేనూ అనలేదు, తనూ అనలేదు.

తర్వాత

వాళ్ళు ఇప్పుడు అక్కడికి అరగంట దూరంలో అద్దె ఇంట్లో ఉన్నారు. ఉత్తరం గుమ్మం. వసుంధర దాని గురించి ఏమీ మాట్లాడదు. మొన్న ఆదివారం ఫోన్ చేసింది. గొంతు వేరేగా ఉంది.

"ఆ ఇల్లు అమ్ముడుపోయిందే. మన తెలుగువాళ్ళే, సాహితి అని చిన్నపిల్ల. మొన్నమొన్ననే ఉద్యోగంలో చేరింది, కడుపుతో ఉంది, ఏడో నెల రాకముందే ఇంట్లో దిగాలని తొందర. మా వాస్తు గ్రూపులో నేను పెట్టిన ఫోటో చూసే వెళ్ళారట. నిన్న గృహప్రవేశానికి నన్ను పిలిచింది."

"వెళ్ళావా?"

"చెబుదామనే వెళ్ళాను."

"చెప్పావా?"

"కడుపుతో ఉన్న పిల్ల, పట్టుచీర కట్టుకుని, నా కాళ్ళకి పసుపు రాసిందే. ఇంక ఏ నోటితో చెప్పను? పాలు పొంగాయి. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను."

నేను తిట్టలేదు. ఆ గదిలో నిలబడ్డదాన్ని, నాకు తెలుసు. "నంబరు ఇవ్వు" అన్నాను. సంతకాలు ఎప్పుడని అడిగాను. వీళ్ళకీ ముహూర్తమే ముందు పడిందట, క్లోజింగ్ రేపట.

చేశాను. రెండో రింగుకే ఎత్తింది. నేను ఫలానా అని, ఆ ఇంట్లో ఒకసారి పాలు పొంగించినదాన్నని చెప్పాను. "అయ్యో, నమస్తే ఆంటీ! వసుంధర ఆంటీ ఫ్రెండా?" అంది. ఎంత తీయటి గొంతో. నేను గుండె చిక్కబట్టుకున్నాను.

"చూడమ్మా, కోప్పడకు. ఆ ఇల్లు ఈశాన్యానికి దిగిపోతోంది."

"అవును ఆంటీ" అంది ఆ పిల్ల, సంతోషంగా. "అందుకేగా కొంటున్నాం!"